వచ్చింది అనే మాట

వింగా దీపస్తంభానికి అవతల
లంగరేసుకుని ఆరు ఓడలు.
పెళ్ళిలో రెండో బంతి కోసం నిలబడ్డవాళ్ళలా
ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా.

గోథెన్‌బర్గ్ రేవులో నేను ఉద్యోగానికి చేరిన ఏడాది అది.
నవంబరు. నాలుగింటికే చీకటి.
పక్క కుర్చీలో సిక్‌స్టెన్,
మోచేతి కింద నీలం అట్ట పుస్తకం, చెవి మీద పెన్సిలు.

ఓడ వచ్చిందా, అని అడిగాను.
ఎవర్ని అడుగుతున్నావ్, అన్నాడు.

పైలట్‌ని అడిగితే వచ్చింది, నిచ్చెన దింపారు అంటాడు.
టగ్గువాణ్ణి అడిగితే తాడు అందితే వచ్చినట్టు.
క్రేను మీదావిడ కిందికి చూసి
ఎక్కడొచ్చింది, ఇంకా గట్టుకి తగల్లేదుగా అంటుంది.
లారీవాడికి పెట్టె తన బండెక్కేదాకా ఏదీ రానట్టే.
ఏజెంటుకి మాత్రం నిన్ననే వచ్చేసింది,
ఈమెయిల్లో.
ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ
ఫోన్లో "వచ్చేశా, సందు మొదట్లో ఉన్నా" అనే రకం ఏజెంట్లంతా.

అందుకే సిక్‌స్టెన్ పుస్తకంలో
"వచ్చింది" అన్న గడిలో మాట ఉండదు.
చుక్క. సున్నా. అడ్డగీత. కొక్కెం.
ఒక్కో రాకకి ఒక్కో గుర్తు.
అక్కడక్కడా, పేజీకొకటి కూడా కాదు,
చిన్న అల.

*

తర్వాత ఆ మాట కోసం సభలు పెట్టారు.
బుసాన్ నుంచి, సాంతోస్ నుంచి, టాంజియర్ నుంచి
తెరల మీద తలలు.
అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ కాఫీ వేళ.
రెండేళ్ళు. ఒక్క క్రియాపదానికి రెండేళ్ళు!
పైలట్ ఎక్కే చోటికి చేరడం వేరు,
గట్టుకి చేరడం వేరు,
మొదటి తాడు వేరు, ఆఖరి తాడు వేరు.
ఒక్కోదానికీ మళ్ళీ
అంచనా, విన్నపం, ఒప్పందం, నిజం.
బళ్ళో మాకు చెప్పింది మూడు కాలాలే.
సముద్రానికి నాలుగు కావాల్సొచ్చాయి.

ఇప్పుడు ఓడ బిస్కే దగ్గరుండగానే
మా రేవు దానికి కబురు పెడుతుంది:
గురువారం తెల్లవారుజాము దాకా చోటు ఖాళీ లేదు,
పరిగెత్తకు.
ఓడకి అర్థమవుతుంది. అర్థమవుతుందంటే,
మధ్యలో ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు.
ఇంజను నిమ్మళిస్తుంది, పొగ పలచబడుతుంది.
గట్టు మీద ఇనప గుంజలు సైతం
తాడు బిగువెంతో వాటంతటవే చెప్పుకుంటాయి.
వింగా అవతల నీళ్ళు
ఊడ్చిన అరుగులా ఉన్నాయి.

నాకు నచ్చింది. అబద్ధమెందుకు.
ఆ ఆరు ఓడల కోసం నేనేం బెంగపెట్టుకోలేదు.

*

సిక్‌స్టెన్ మానేసే రోజు
పుస్తకాన్ని అబ్దిరిజాక్ చేతిలో పెట్టాడు.
కుర్రాడు లెక్కల మనిషి, ఓపికమంతుడు.
ముప్ఫయ్యొక్క ఏళ్ళ గుర్తుల్ని కొత్త పట్టికలో సర్దాడు.
చుక్క సరిపోయింది. సున్నా సరిపోయింది.
కొక్కెం కూడా, అచ్చుగుద్దినట్టు.

అల మిగిలింది.

ఇదేమిటి?
గొంతు, అన్నాడు సిక్‌స్టెన్.
రేడియోలో కెప్టెన్ గొంతు అలిసిపోయి ఉంటే
ఆ గుర్తు వేసి రెండో టగ్గు పంపేవాణ్ణి.
డబ్బులెవడిస్తాడని పొద్దున్నే ఏజెంటు తిట్టేవాడు.

అబ్దిరిజాక్ పట్టికని పైనుంచి కిందికి వెతికాడు,
మళ్ళీ కిందనుంచి పైకి.
దీనికి గడి లేదండీ.
సిక్‌స్టెన్ కోటు గుండీలు పెట్టుకున్నాడు,
పై గుండీ ఒక కన్నం తప్పి.

*

రాత్రి మూడు నలభై. మంచు.
ఓడ పంపిన అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి.
తెర మీద అన్ని గడులూ పచ్చగా.
మాట్లాడాల్సిన పనేం లేదు.

రేడియో తీశాను.
కులాసానా, అన్నాను.

జవాబు రావడానికి పదకొండు సెకన్లు పట్టింది.
"అంతా బాగానే ఉంది మేడమ్."

అడుగున "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది,
నింపినా నింపకపోయినా ఒకటే.
అందులో ~ అని కొట్టి
రెండో టగ్గుని లేపాను.

పొద్దున ఏజెంటు తిట్టాడు.