ఎత్తు

వార్కెటిలిలో ఆ తొమ్మిదంతస్తుల బ్లాకులో
లిఫ్టు చిల్లర తింటుంది.
పది తెత్రిల నాణెం వేస్తే మూలుగుతూ కదుల్తుంది,
లేదంటే బేరం కుదరని కొట్టువాడిలా
మొహం తిప్పుకుంటుంది.

అయినా అందరూ దానికే మొక్కేవారు.
మెట్లంటే చీకటి, పిల్లి వాసన,
గోడ మీద ఎవరో ఎవర్నో ప్రేమించిన సంవత్సరం.

జనం కాళ్లకి పని చెప్పే మెట్లు గీసివ్వమని
పురపాలక సంఘం నన్ను పిలిచింది.
కిటికీలు పెద్దవి చేద్దామన్నాను. డబ్బు లేదన్నారు.
చల్లటి కమ్మీకి చెక్క తొడుగుదామన్నాను.
దానికీ లేదన్నారు.
మిగిలింది డబ్బాడు పసుపు రంగు, నాలుగు బల్బులు,
మా తాతయ్య చదరంగం బల్ల.
అయిదో అంతస్తు మలుపులో దాన్ని మేకులతో బిగించి
ఫారంలో వ్యాయామ పరికరం అని రాశాను.
గుమాస్తా నవ్వలేదు. ముద్ర కొట్టాడు.

గోడ మీద సుద్దతో ఒకటే నియమం:
రోజుకి ఒక్క ఎత్తు.
కింది అంతస్తులకి తెల్లవి, పైవాళ్లకి నల్లవి.

వారం పాటు బంట్ల మీద దుమ్మే ఆడింది.
ఎనిమిదో రోజు ఒక తెల్లబంటు రెండు గడులు నడిచింది.
రెండో అంతస్తు సియాలా,
మందుల కొట్టు మూసి, చంకలో వేడి రొట్టెతో,
తన తలుపు దాటి మూడంతస్తులు పైకి.
మర్నాడు తొమ్మిదిలోంచి ఎల్గుజా,
ఒకప్పుడు ట్రామ్ నడిపి
ఊరంతా కూర్చునే తిరిగినవాడు,
నాలుగంతస్తులు దిగి గుర్రాన్ని దూకించాడు.
ఎత్తుకి పైఎత్తు.
తిరిగెక్కుతూ ఏడో అంతస్తులో గోడ పట్టుకున్నాడు.
అక్కడ కుర్చీ ఉండాలని నాకు తట్టలేదు.
ఎవరికో తట్టింది:
మూడు కాళ్లది, నాలుగో కాలికి ఇటుక.

మొహాలు చూసుకోకుండానే శీతాకాలం సగం ఆడారు.

ఫిబ్రవరిలో నల్లవి కదలడం మానేశాయి.
ఒక రోజు. మూడు. పదకొండు.
సియాలా తన శకటు మీది దుమ్ము కొంగుతో కాదు,
చేతి తొడుగుతో తుడిచి,
పైమెట్ల వంక చూసింది.
ఆరులో బల్బు మారుస్తున్న నన్ను దాటుతూ
"ఆ నల్లగుర్రం ఏ తలుపుది?" అంది.

మంచు మీద జారిన మోకాలికి కట్టుతో
తలుపు తీసిన మనిషి పేరైనా అడగలేదు.
"శకటుని ఎక్కడ పెట్టావు?"
"వచ్చి చూడు."

నిచ్చెన మీద నిలబడి విన్నాను,
రెండు జతల చెప్పులు, ఒక చేతికర్ర,
చాలా నెమ్మదిగా.

ఫారంలో ఫలితం అన్న గడి ఇంకా ఖాళీ.
శాతాలు అడిగారు.
కుర్చీ ఇంకొకటి కావాలి, అని రాశాను.