తల దగ్గర చి, తోక దగ్గర ఓళ్ళు

బాలాజీ కాలనీ సందులో నాది జిరాక్స్ అంగడి.
థీసిస్‌లు టైపు చేస్తాను, పేజీకి పన్నెండు.
జింబాబ్వే పిల్ల ఒకతి వచ్చింది, ఫార్మసీ రెండో సంవత్సరం,
హాస్టలు ఫారం నింపాలంట.
పేరు: చెంగెతాయి.
చివర్లో తాయి వినబడి నా చెయ్యి కీబోర్డు మీద ఆగింది.
మా జేజి నన్ను అట్నే పిలిచేది.
మాతృభాష: చిషోనా.

ఛీ ఏంది పాపా, అన్నాను,
సొంత బాసని పట్టుకోని?

నవ్వింది. స్టూలు ముందుకు జరుపుకొనింది.
వాళ్ళల్లో భాషకి ముందర చి పెట్టాలంట,
ఆ తల లేకుండా భాష గడప దాటదంట.
ఇంగిలీసు చిరుంగు. నాది చితెలుగు.
మొదట ఆ మాట చెవిలో పుల్లగా తగిలింది,
చింతపండు మాదిరి. కాసేపటికి నోరూరింది.

ఇంకా చెప్పింది:
కుర్చీ చిగారో, రొట్టె చింగ్వా, రైలు చితిమా.
కూర్చునేదీ కొరికేదీ ఊరికి పొయ్యేదీ మాట్లాడేదీ
అన్నీ ఒకే బీరువాలో సర్దుకున్నారు!
మా కుర్చీకీ ఒక చీ ఉండాదే అన్నాను,
కాకుంటే తోక దగ్గర.
అది నోటుబుక్కులో రాసుకొనింది.

మనిషికైతే ము. మనుషులకైతే వా.
నువ్వు ముతెలుగు, అనింది.
నా పేరు మునికుమారి,
తిరుపతి చుట్టుపట్ల ఇంటికొక ముని,
అంటే పేరు పెట్టిన పూటే మేమంతా మనుషులమైపోయినాం.
వా అంటే మా వాళ్ళల్లోని వా. అదీ కలిసింది.

మా దగ్గర ఆగిపోయింది.
పరాయోళ్ళకి ఒక్కోసారి వా దక్కదంట, మా ఇస్తారంట.
మాఇండియా, అనింది మెల్లగా, తప్పు చేసినదాని మాదిరి.
మా ఇండియా అంటే మాది అని కదా, అన్నాను.
మాకది బయటోళ్ళని నిలబెట్టే చోటు, అనింది.
ప్రింటరు దగ్గింది.
నిజానికి మా తెలుగు మాలోకి మటుకు
ఎదురుగా కూర్చొని వినేవాళ్ళు ఎప్పుడు రాగలిగినారు?

మేము తోక దగ్గర ఓళ్ళు తగిలిస్తాము.
అరవోళ్ళు. కన్నడమోళ్ళు. సుగాలోళ్ళు.
మా జేజి పేరు మరగదం, తిరుత్తణి పిల్ల.
మా అబ్బ ఊర్లో యాభై ఏండ్లు అరవామె.
బాయి కాడ అరవామె, రేషనంగట్లో అరవామె,
పాడె కట్టే పొద్దు కూడా
అరవామె పోయిందంట అనే చెప్పుకొనినారు.
నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడింది.
నిద్దట్లో మాత్రం కాదు.

చెంగెతాయి వాళ్ళ జేజి
షోనా అనే మాటనే ఒప్పుకునేది కాదంట.
ఎవురు పెట్టినారో ఏమో ఆ పేరు,
నేను మన్యిక మనిషిని, అనేదంట.
నడాన సముద్రం లేకుంటే ఆ ముసిలామె, మా ముసిలామె
ఆకూ వక్కా పంచుకొని ఊరందర్నీ తిట్టేవాళ్ళు.

టీలు తెచ్చిన ఏకాంబరం నా చెవి కాడ వంగినాడు:
ఎవురక్కా, ఆఫ్రికావోళ్ళా?
ఖండానికంతా ఒకటే తోక.
పేరు చెప్పినాను, తాయి అన్న చోట నొక్కి.
వాడికి పట్టలేదు. గ్లాసులు లెక్కపెట్టుకొని పోయినాడు.

అప్పుడు అడిగింది ఆ పిల్ల.
హాస్టల్లో కొత్తగా ఎవురు చేరినా
ఇంటిపేరు విని గుసగుసగా ఒక మాటంటారంట:
మనోళ్ళేనా?
రెండేళ్ళుగా వింటా ఉందంట.
దాన్ని మా దాంట్లో చెప్పాలంటే, అనింది,
ముందర ఏం పెట్టాలక్కా?
మునా, వానా, మానా?

స్క్రీను మీద ఫారం ఇంకోసారి పైనుంచి కిందికి చదివినాను.
మాతృభాష గడి చిన్నది, షోనాలో నా గీత దాటి బయటికొచ్చింది.
అట్నే వదిలేసినాను.
నాకు తెలీదు పాపా, అన్నాను.
రెండు కాపీలు. పద్నాలుగు రూపాయలు.

పర్సంతా వెతికింది.
చిల్లర లేదక్కా, అనింది.

విన్నావా, అన్నాను.