తొమ్మిది పెట్టెలు, రెండు బూడిదరంగు చీటీలు

మొత్తం పదకొండు రావాలి.
నా బల్ల మీదికి తొమ్మిదే వచ్చాయి.
నాలుగో పెట్టె, ఏడో పెట్టె ఉండాల్సిన చోట
రక్షణశాఖవాళ్లు రెండు బూడిదరంగు చీటీలు పెట్టి వెళ్లారు:
"తొలగించబడినది."
ఎందుకని అడగడం నా ఉద్యోగంలో లేదు.
దుమ్ము దులపడం, గుండుసూదులు పీకడం,
తుప్పు మరకలకి లెక్క రాయడం, అంతే.

లెఫ్టినెంట్ కల్నల్ ఐలిఫ్ స్తూర్‌హౌగ్, గూఢచార విభాగం.
ముప్పై ఒక్క ఏళ్లు కిర్కెనెస్‌లో.
నదికి ఇవతల ఒక దేశం, అవతల ఇంకోటి,
మధ్యలో మంచు ఎవరిదో మంచుకే తెలీదు.

డైరీలనుకుని తెరిచాను.
గాలి వాయవ్యం నుంచి. మైనస్ ఇరవై రెండు.
అవతల ఖనిజం వ్యాగన్లు నలభై ఆరు.
కూతురు పుట్టిన రోజున కూడా
వ్యాగన్లు ముప్పై ఎనిమిది,
అంచున పెన్సిల్‌తో: ఆడపిల్ల. మూడు కిలోల నాలుగొందలు.
బరువు కింద రెండు గీతలు.
రూఢి అయిన కబురుకి ఆయన అలాగే గీస్తాడు.

ఆయన వృత్తిలో ప్రతి మాటకీ రెండు మార్కులు.
చెప్పినవాడికి అక్షరం, చెప్పినదానికి అంకె.
ఎ అంటే నమ్మకస్తుడు, ఎఫ్ అంటే తేల్చలేం.
ఒకటంటే నిజం, అయిదంటే నమ్మశక్యం కాదు.
ఇదీ ఆయన కాగితాల దగ్గరే నేర్చుకున్నాను.

కరెంటు బిల్లు వెనక:
"బోర్గ్‌హిల్డ్ తనకేం నొప్పి లేదంటోంది. ఎ, అయిదు."
అది ఫిబ్రవరి.
ఆస్పత్రి రసీదులు జూన్‌లో మొదలవుతాయి.

ఎనిమిదో పెట్టె నిండా నల్ల అట్ట పుస్తకాలు,
అన్నీ ఒకే ఒక్క కిటికీ గురించి.
అవతలి గట్టున, పడవలు బాగుచేసే కొట్టం పైన.
వెలిగింది. వెలిగింది. పొగమంచు, కనబడలేదు. వెలిగింది.
నవంబరు పదిహేడు: వెలగలేదు.
ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు
అదే చేతిరాత, అదే సిరా,
వెలగలేదు, వెలగలేదు,
ఉద్యోగం వదిలాక, మోకాలికి ఆపరేషన్ అయ్యాక కూడా,
పెట్రోలు ఖర్చు పక్కన రాసుకుంటూ.
ఆ కొట్టంలో ఎవరుండేవారో
బహుశా నాలుగో పెట్టెకి తెలుసు.
ఏమయ్యారో ఏడోదానికి తెలుసేమో.

ఒక పుస్తకం మధ్యలో వేరే చేతిరాత, గుండ్రంగా:
"చేపలకి వెళ్లానన్నాడు.
రెండు ట్రౌట్లు తెచ్చాడు, ఒకదాని తోకకి ధర చీటీ.
మూలం: భర్త. ఎఫ్.
సమాచారం: ఆకలిగా ఉన్నాడు. ఒకటి.
ఉల్లిపాయ వేసి వండాను."
నవ్వేశాను.
ఈ నేలమాళిగలో నవ్వు గోడకి తగిలి
మనకే తిరిగొస్తుంది.

సంతకాలు పెట్టడానికి కూతురు రాన్వైగ్ వచ్చింది,
కోటు విప్పకుండానే కూచుంది.
"ఇంట్లో నాన్న ఏమీ చెప్పేవాడు కాదు.
మేం చెప్పింది ఏదీ మర్చిపోయేవాడు కాదు."
పెట్టెలు చూస్తారా అంటే వద్దంది.
చేతి తొడుగులు వేసుకుంటూ, ఒకటి వేసుకున్నాక ఆగి,
"కిటికీ సంగతేమైనా రాశాడా?" అంది.
నేను మాట్లాడలేదు.
"నాకప్పుడు తొమ్మిదేళ్లు. కారులో ముందు సీట్లో కూచోబెట్టి
నీ కళ్లు మంచివి, చూడు, దీపముందా అనేవాడు.
రోజూ లేదనే చెప్పేదాన్ని.
ఒకసారి ఉందన్నాను.
చలేస్తోంది నాకు. ఇంటికి పోదామని."

ఆమె వెళ్లాక మెట్ల మీద బూట్ల తడి ఆరేదాకా ఆగి
ఎనిమిదో పెట్టె మళ్లీ దించాను.
రెండు గంటలు పట్టింది.
మార్చి నాలుగు.
వెలగలేదు, వెలగలేదుల మధ్య ఒక్క వరస:
"వెలిగిందని అమ్మాయి చెప్పింది. ఎ,"
కామా తర్వాత అంకె లేదు.
అంకె వేయాల్సిన చోట
పెన్సిల్ మొన చాలాసేపు ఆనించిన
ఒక నల్లటి చుక్క.