మందు

గురువారం కొట్టాను.
ఇరవై లీటర్ల ట్యాంకు వీపున తగిలించుకుని
ఆలివ్ చెట్ల మొదళ్ళ చుట్టూ.
క్రీట్‌లో ఫిబ్రవరి వానకి
గడ్డి రాత్రికి రాత్రి బెత్తెడు లేస్తుంది.
నాలుగు వందల చెట్లు, నేనొక్కణ్ణి.
కొడవలితో ఎంతని కోయను?

మా భాషలోనూ దాన్ని మందనే అంటాం.
మా నాన్న జ్వరానికి మింగిందీ అదే మాట,
నా వీపు మీద కుదుపుకి తొణికిందీ అదే మాట.

ఆదివారం మేనత్త ఆర్గిరో భోజనానికి పిలిచింది.
బల్ల మధ్య ఉడికించిన అడవి ఆకుకూర,
పైన నూనె, పక్కన నిమ్మచెక్కలు.
"నీ తోటలోదేరా, కింది మడిలోది.
ఈ ఏడు ఎంత లేతగా ఉందో!"

ఉంటుంది.
మందు పడ్డ ఆకు వెంటనే వాడదు.
వారమో, పది రోజులో
ఏమీ ఎరగనట్టు పచ్చగానే నిలబడుతుంది.

ఎనభై ఏడేళ్ళు ఆమెకి.
అరిగి అరిగి వేలంత మిగిలిన కత్తితో
ఏ ఆకు పూత ముందు చేదెక్కుతుందో,
ఏది బాలింతకి, ఏది కడుపునొప్పికి,
వంగిన నడుముతోనే చెప్పేస్తుంది.
జర్మన్లు గోదాముకి తాళం వేసిన ఏడు
వాళ్ళమ్మ ఐదుగురు పిల్లల్ని
ఈ ఆకులు పెట్టే బతికించింది.
ఈ ఆకుని అనుమానించాలని
ఆమెకెవరూ నేర్పలేదు.

"మూడు నీళ్ళు కడిగాను, తిను."

అది కడిగితే పోయేది కాదత్తా,
లోపలికి దిగి వేరు దాకా పోతుంది.
అనలేదు.
రొట్టె తుంచాను. జున్ను నమిలాను.
నిమ్మగింజనొకదాన్ని ఫోర్కుతో
పళ్ళెం అంచుకి నెట్టి, మళ్ళీ లోపలికి లాగాను.
ఆమె తన ఫోర్కు నిండా ఆకు చుట్టి పైకెత్తింది.

"ఆగు."

గొంతు నాదేనా అనిపించింది.
"కొట్టావా?"
"గురువారం."
ఫోర్కు దించింది. ఏమీ తిట్టలేదు.
తిడితే బాగుండేది.
లేచి, గిన్నె తీసుకుని తలుపు దాకా వెళ్ళి
అక్కడ ఆగిపోయింది.
"కోళ్ళకి?"
"వద్దు."
"పోనీ పై గట్టు మీద ఏరుకోనా?"
"అది స్ట్రాటిస్ వాళ్ళది. వాళ్ళేం కొట్టారో నాకు తెలీదు."
"దారి పక్కన?"
దారి పక్కన మునిసిపాలిటీ వాళ్ళు కొడతారు.
అది కూడా చెప్పాను.

కాసేపు ఆ గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది,
ఎవరి బిడ్డనో ఎత్తుకుని
ఎక్కడ దించాలో తెలియనట్టు.

తర్వాత పెట్టె తెరిచి
పెళ్ళినాటి ఎర్ర తలగుడ్డ బయటికి తీసింది.
కత్తితో గాటు పెట్టి, పళ్ళతో పట్టి
బెత్తెడు బెత్తెడు చింపింది.
"కొట్టిన చోటల్లా కట్టు.
కళ్ళు పోయాయి గానీ ఎరుపు కనిపిస్తుంది."

సోమవారం పొద్దున్నే కట్టడం మొదలుపెట్టాను.
మూడో వరస సగంలో
గుడ్డ అయిపోయింది.