కాపలా

ఎముకకైతే పుత్తూరు కట్టుంది.
లోపలి తీగ నలిగితే దానికి ఏ కట్టూ లేదని
మా మామకు అర్థమయ్యేదానికే మూడు దినాలు పట్టింది.

మంచె మీంచి పడినాను నేను.
పలమనేరు అవతల, అడివి అంచు కయ్యలో,
ఏనుగులు దిగిన రాత్రి.
లేచి నిలబడి కేకేసినాను, వెదురు జారింది,
రెక్కల నడుమ రాయి తగిలింది. అంతే.

నిజం చెప్పాలంటే ఏనుగులు తొక్కింది రెండు సాళ్ళే.
నా కేకకు ఊరంతా లేచొచ్చింది,
డప్పులు, టపాకాయలు, దివిటీలు, రెండు ట్రాక్టర్లు.
తెల్లారి చూస్తే టమోటా తోటలో
ఏనుగు అడుగు ఒకటుంటే మనిషి అడుగులు నూరు.
ఊతకట్టెలు విరిగి, డ్రిప్పు పైపులు కాలి,
పచ్చికాయంతా బురదలో.
నేను చూళ్ళేదు. రెడ్డెమ్మ చెప్పింది,
అదీ నెల తరవాత.

తిరపతి పెద్దాసుపత్రిలో
తహసీనని ఒక డాక్టరమ్మ, మదనపల్లె పిల్ల,
స్కాను కవరు వెనక బొమ్మ గీసి చూపించింది.
"దెబ్బ తగిలింది ఒక్క నిమిషమే అన్నా,
తరవాత జరిగిందే శానా.
నీ నెత్తురులో తెల్లకణాలు పరిగెత్తుకొచ్చినాయి,
నిన్ను కాపాడేదానికే.
చచ్చినదాన్ని ఎత్తిపారేసినాయి.
ఆ ఊపులో బతికుండేదాన్ని కూడా తొక్కినాయి."

నేను నవ్వినాను.
ఆ పిల్ల బెదిరిపోయింది, ఈయనకేమైందని.
ఏం చెప్పేది?
నా వెన్నులోకొచ్చింది కూడా మా ఊరోళ్ళేమ్మా.

వాళ్ళని రానీకుండా ఆపితే? అని అడిగినా.
"చెత్త ఎత్తేదెవరు అప్పుడు? గాయం పచ్చిగానే ఉంటుంది.
ఎవుర్ని ఆపాల, ఎప్పుడు ఆపాల,
అది మాకింకా సరిగ్గా తెలీదన్నా."
తెలీదని చెప్పిన డాక్టరును
అదే మొదలు చూడ్డం.

నలిగిన చోటు చుట్టూ మచ్చ కట్టిందంట, గోడ మాదిరి.
అడివి ఆఫీసోళ్ళు తవ్విన కందకం గుర్తొచ్చింది నాకు.
ఏనుగు దాటదు, సరే.
మా ఆవులూ వాగుకు పోలేవు.
బొటనవేలికి నేను పంపే మాట
ఆ గట్టు దాకా పోయి, నిలబడి,
ఎవురూ పలక్క వెనక్కొస్తా ఉంది.

ఇంకో తమాషా ఏందంటే
ఆడ అంత గుంపా, మిగతా ఒంట్లో కాపలాయే లేదు.
ఎడమ పక్క ప్లీహమని ఒకటుందంట, దండు విడిది చేసే చోటు.
దానికి కబురుపోయే దోవా దెబ్బతినింది.
అందుకే ఒకసారి ఉచ్చలో చీము, ఒకసారి రొమ్ములో కఫం,
నడుం కింద నాకు తెలీకుండానే
రూపాయి బిళ్ళంత పుండు.
ఎవరి చేను వాళ్ళే మేస్తా ఉంటే
మంచె మీద మనిషి లేడు.

రెండు గంటలకొకసారి ఫోను మోగుతుంది.
రెడ్డెమ్మ లేస్తుంది,
దుప్పటి అంచు పట్టి నన్ను పక్కకు తిప్పుతుంది,
ఫోను వెలుతురు పెట్టి చూస్తుంది
చర్మం ఎరుపు తిరిగిందా అని.
సంతకు కోసే ముందర కాయను చూసే చూపే అది.
ఏమీ మాట్లాడదు. అలారం మళ్ళీ పెట్టుకుంటుంది.

నిన్న రాత్రి నిద్దట్లో కేకేసినానంట,
హోయ్, హోయ్ అని, మంచె మీద వేసినట్టే.
వార్డంతా లేచి కూచుంది.
పక్క మంచం బస్సు కండక్టరు నా వంశమంతా తిట్టినాడు.
నర్సమ్మ పరిగెత్తుకొచ్చి జరం చూసింది, నూటరెండు.

"ఎవుర్ని పిలిచినావు?" అనింది రెడ్డెమ్మ.
పిలిచినానో, తరిమినానో.
మా ఊర్లో రెండిటికీ కేక ఒకటే.