కొలత లేని గాజు

లాడ్ బజార్ల పద్దెనిమిదేండ్లు.
చెయ్యి చూడంగనే చెప్త
రెండు నాలుగా, రెండు ఆరా అని.
పెండ్లిపిల్ల మొహం గూడ చూడ, మణికట్టే చూస్త.

నా బిడ్డ చేతికి నా దగ్గర కొలత లేదు.
తొమ్మిది వందల నలభై.
గ్రాములు అన్న మాట కింద
సిస్టర్ రెండు గీతలు గీసి చూపెట్టింది.

అనసూయకు బీపీ పెరిగి ఫిట్సొచ్చినయి.
ఏడు నిండకముందే కోసి తీసిన్రు.
తను మూడో అంతస్తుల,
బిడ్డ కింద గాజుపెట్టెల,
నడుమ మెట్ల మీద నేను.

"చొక్కా ఇప్పు" అన్నది ఎస్తేరు సిస్టర్.
సమజ్ గాలె.
"తల్లి లేచేదాంక తండ్రే పెట్టె."
మోచేతుల దాంక కడిగిచ్చింది,
గోర్ల సందుల లక్క రంగు పోలేదని
మళ్ల కడిగిచ్చింది.
కుర్చీల ఎనక్కి ఒరగబెట్టి
వైర్లు, ముక్కుగొట్టం, ఉన్ని టోపీ అన్నిటి తోటి
నా ఛాతి మీద పండబెట్టింది.

బరువు తెలువలె.
లక్కకు సెగ ఎక్కువైతె కారిపోతది,
తక్కువైతె పటుక్కున ఇరుగుతది,
ఆ నడుమ సంగతి నా ఏళ్లకు ఎరుక.
రొమ్ముకు గూడ ఎరుకని ఎన్నడనుకున్న?

మిషిన్ మోగింది. ఎనభై నాలుగు.
నా ఊపిరి ఆగింది.
"నువ్వు పీల్చు అన్నా, నిన్ను చూసి ఆమె పీలుస్తది."
ఎనభై తొమ్మిది.
తొంభై మూడు.

మూడు గంటలకోసారి సిరంజిల రెండు మిల్లీల పాలు.
పాల బ్యాంకుల నుంచి.
ఎవరివి అనడిగితె "ఒక అమ్మవి" అన్నది.
సీసా మీద తారీఖు ఉంది, నంబరుంది.
ఇంకేం రాసి లేదు.

బేస్తారం నాడు రజియా బేగం వచ్చింది,
మా అసోంటోళ్లతోటి మాట్లాడనీకె.
ఆమె బిడ్డ ఎనిమిది వందలట పుట్టినప్పుడు.
ఇప్పుడు మెట్ల రెయిలింగ్ మీద జారుతుంది,
వాచ్‌మన్ తిడుతుండు.

మా అమ్మ పరిగి బస్సు దిగి సీదా వచ్చింది.
అద్దం అవతల నిలబడ్డది చాన సేపు.
నాకంటె ముందొకడు పుట్టిండు, ఏడో నెలల.
చేటల దూది పరిచి, కందిలి పక్కన పెట్టిన్రట.
రెండు రాత్రులు.
ఆమె ఎన్నడు చెప్పలె, మేనత్త చెప్పింది.
ఇయ్యాల అడిగింది:
"గీ పెట్టె అప్పటికి కనిపెట్టలేదా కొడుకా?"

ఏమో అమ్మా.
పట్నంల ఉండెనేమో.
మన దాంక రాకపాయె.

చొక్కా కొక్కేనికి ఉంది. జేబుల ఫోను గుర్రుమంటుంది,
సేటే అయ్యుంటడు, పెండ్లిండ్ల సీజను.
బిడ్డ పిడికిలి
నా ఛాతి మీది ఎంటికెను పట్టి గుంజుతుంది.
నొస్తుంది.
నేను కదల.