నలభై ఒకటో చీటీ

మసాఫీ దాటినంక, వాగు రాళ్ల నడుమ
రోడ్డు వెడల్పు చేసే పని.
సోమవారం బుల్డోజర్ వస్తది.
అంతకుముందే ఏ చెట్టుకు ఆ చెట్టుకు
పసుపు చీటీ కట్టాలె, పేరు రాయాలె.
షమ్మా మేడం చేతిల ఫోను,
నా చేతిల చీటీల కట్ట, సుతిలి తాడు.

నలభై దాకా అన్నీ తుమ్మలే, నడుమ రెండు గాఫులు.
వాళ్ల గాఫు మన జమ్మే అని
మొదటి రోజే ఎరుకైంది.
నలభై ఒకటి కాడ ఫోను మూడు పేర్లు చెప్పింది,
మూడింటికీ పక్కన ప్రశ్న గుర్తు.

మోకాలెత్తు పొద. ఊదా పూలు, చిక్కుడు పువ్వు లెక్కనే
ఒక రెక్క లేచి గొడుగు పట్టింది.
"ఘాస్ హై, ఛోడో" అన్నడు
ట్రక్కు మీంచి గుల్ జమాన్.

నేను కూసున్న.
కూసుంటే పొద, నేను ఒకటే ఎత్తు.
ఆకు కొస పట్టి గుంజిన.
అడ్డంగ తెగలే.
పిట్ట నోరు తెరిచినట్టు చినిగింది.

ఎన్ని మడుల తొక్కిన దీన్ని!
నాట్లకు ముందు మోపులు మోపులు కోసుకొచ్చి
బురదల పరిచి, తాత ముందట, నేను ఎనుక.
"వెంపలి చెట్టుకు నిచ్చెనేసే కాలమొస్తది బిడ్డా,
మనుషులు గంత పొట్టిగైతరు" అనేటోడు.

"వెంపలి" అన్న, గట్టిగ.
మేడం మల్లొకసారి చెప్పుమన్నది.

చెప్పేముందు మల్ల చూసిన.
మా దానికి ఒక్కో ఈనెకు పదిహేను ఆకులు.
దీనికి తొమ్మిదే,
అవి కూడ ఎండకు నడుమకు మడుచుకున్నయి.
కింద వెండి నూగు.
కాయ కొస జరంత మీదికి వంగింది.
కాదు.
అబద్ధం రాయబుద్ధి కాలే.

మేకలతోని ఖల్ఫాన్ ముసలాయన వచ్చిండు.
మేకలు వాసన చూసి పక్కకు పోయినయి.
"దఫ్రా" అన్నడు ఆయన, ఆగకుండనే.
ఫోనుల రెండో పేరు అదే.

మేడం అరబ్బీల రాసింది, ఇంగ్లీషుల రాసింది.
అడుగున రెండేళ్ల జాగ మిగిలింది.
నేను తెలుగుల రాసిన:
వెంపలి సుట్టం.

ముడేస్తుంటే సోమవారం యాదికొచ్చింది.
"దీన్ని పీకి యాడ పెడతరు?"
"ఇది అంతటా ఉంటది లింబాద్రీ,
మార్చే లిస్టుల లేదు. పేరు రాసుకుంటమంతే."

ఎండిన కాయ ఒకటి చిట్లగొట్టి
ఆరు గింజలు అంగీ జేబుల వేసుకున్న.
గుల్ జమాన్ హారన్ కొట్టిండు.
నలభై రెండు:
మల్ల తుమ్మే.